నొప్పి తెలియని చీలమండ

పొద్దున్నే ఆటోనగర్‌లో షట్టర్లు లేచే వేళకి, భానుశ్రీ షెడ్డులో జీవరత్నం ప్యాంటు మోకాలి దాకా మడిచి స్టూలు మీద కూర్చుంటాడు. ఆమె తాను తయారుచేస్తున్న మరమనిషి కాలికి బరువు తగిలిస్తుంది. అక్కడ లోహం ఎక్కడ నలిగితే ఇక్కడ అతని కాల్లో సరిగ్గా అక్కడ నొప్పి పుడుతుంది. ఆమె ఆ చోట స్కెచ్ పెన్నుతో గీత పెట్టి డ్రాయింగులోకి ఎక్కిస్తుంది. నొప్పి ఉన్నచోట లోహం మందంగా ఉంచడం, లేనిచోట తోడెయ్యడం. ముప్ఫయ్యేళ్లు లేత్ మిషను మీద నిలబడ్డ జీవరత్నానికి ఆ మాత్రం తెలియదా అన్నట్టుండేవారు అందరూ.

ఈసారి మరమనిషి చీలమండ దగ్గర బరువు రెండొందల గ్రాములు ఎక్కువొచ్చింది. "ఇక్కడేమన్నా ఉందా బాబాయ్?" అని రెండుసార్లు అడిగింది. "ఏం లేదమ్మా" అన్నాడతను. ఇంకేం, మురిసిపోయి తోడేసింది.

మర్నాడు పదకొండింటికి కొనేవాళ్ల ముందు పరీక్ష. మరమనిషి ఇరవై కిలోల మూటతో పది మెట్లెక్కాలి. ఎక్కితే ఆర్డరు, లేకపోతే షెడ్డు ఖాళీ చెయ్యడమే.

ఆరో మెట్టు దాటింది. కొనేవాళ్ల మొహాలు విచ్చుకున్నాయి. భానుశ్రీ మాత్రం అలవాటుగా జీవరత్నం మొహం చూసింది. నిమ్మళంగా టీ తాగుతున్నాడు. ఆమె చూపు కిందికి జారింది. అతని చీలమండ వాచి నల్లబడింది. చెప్పు పట్టీ కింద నెత్తురు.

"బాబాయ్, నొప్పిగా లేదూ?"

"ఎక్కడమ్మా? నాలుగు నెల్లనించి ఆ కాలు హాయిగా ఉంది. దూది మీద నడిచినట్టుంటది."

హాయి కాదు, స్పర్శే పోయింది. అతనికి షుగరున్న సంగతి షెడ్డంతా తెలుసు, ఆమెకే తట్టలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎనిమిదో మెట్టు. ఇంకా రెండే. నోరు మూసుకుంటే ఎక్కేస్తుందేమో. ఒక్కో అడుగుకీ ఆ వాపు పిక్క మీదికి పాకుతోంది. భానుశ్రీ ఎర్ర బటను నొక్కేసింది.

"నడిచేదాన్ని ఆపుతారేంటండీ?" అన్నాడు కొనడానికొచ్చిన పెద్దమనిషి.

"విరుగుతుందండీ."

"ఎక్కడ?"

ఆమె జీవరత్నం కాలు చూపించింది. ఆయన వంగి ఆ కాలూ, మరమనిషి చీలమండ మీద సరిగ్గా అక్కడే పడ్డ సన్నటి పగులూ చూసి, నిజమేనన్నట్టు తలూపి, ఆర్డరు ఇవ్వకుండానే వెళ్లిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు కోప్పడింది. "ఇంకో వారమాగితే పాదం తీసేసేవాళ్లం. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

రెండు నెలల మందుల తర్వాత జీవరత్నం కర్ర పట్టుకుని షెడ్డుకొచ్చాడు. ఆ రోజే సామాన్లు సర్దేస్తున్నారు. పాతినుము కింద తూకానికి వెయ్యబోతూ భానుశ్రీ మరమనిషిని ఎత్తి కాళ్ల మీద నిలబెట్టింది.

"అబ్బా! చచ్చానమ్మోయ్!" జీవరత్నం చీలమండ పట్టుకుని కూలబడ్డాడు.

భానుశ్రీకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కట్టేసిన పెట్టెలన్నీ విప్పి పెన్ను వెతికి, అతని ముందు నేల మీద కూర్చుంది.

"ఎక్కడ బాబాయ్? సరిగ్గా ఎక్కడో చెప్పు."