మూడో తరగతికి ఇద్దరు

పంజగుట్ట సందులోని సర్కారు బడి వరండాలో నేను కుదురుగా కూర్చోలేకపోయాను. లోపల ప్రధానోపాధ్యాయురాలు అరుణాదేవిగారు సక్రిని ప్రశ్నలు అడుగుతున్నారు. సక్రి నోరు విప్పడం లేదు.

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంటు పక్కనే కంప్యూటర్ కోచింగ్ కోసం కొత్త భవనం లేస్తోంది. సక్రి నాన్న రూప్లా దానికి కాపలా. దేవరకొండ వైపు తండా వాళ్లు. ఇంట్లో లంబాడీ తప్ప ఇంకో మాట వినపడదు. ఎనిమిదేళ్ల ఆ పిల్లకు వేసవంతా మా వంటింటి గడపలో తెలుగు చెప్పాను.

"మూడో తరగతిల తీస్కుంటే సరే, అక్కా," అని రూప్లా పొద్దున్నే తేల్చేశాడు. "ఒకటో తరగతిల చిన్నపోరగాళ్ల నడుమ కూసోవెడితె నేను పంప. ఇంటికాడ చెల్లెను సూస్కుంటది."

"మీ ఇంట్లో ఎవరెవరున్నారమ్మా?" అరుణాదేవిగారు మళ్లీ అడిగారు.

సక్రి గౌను అంచు మెలిపెడుతూ బయటికి చూసింది. నా వైపనుకున్నాను. కాదు. మెట్ల మీద తల్లి ధ్వాళి ఒళ్లో ఉన్న నాలుగేళ్ల మంగ్లి వైపు. అల్లరి చేస్తుందని చిన్నదాన్ని నేనే బయట ఉంచాను.

అప్పుడు తట్టింది. వేసవంతా సక్రి నాకు నేరుగా జవాబు చెప్పిందే లేదు. నేనన్నది ముందు చెల్లెలికి లంబాడీలో చెప్పేది. ఇద్దరూ కాసేపు వాదులాడుకునేవారు. ఆ తర్వాతే నా వైపు తిరిగి తెలుగులో చెప్పేది.

మంగ్లిని ఎత్తుకుని లోపలికి వెళ్లాను. "దీన్ని పక్కన కూర్చోనివ్వండి, మేడం."

"పరీక్ష ఇద్దరికా?" అంటూనే ఆవిడ బెంచీ చూపించారు. "సరే, విను. ఒక అవ్వ చీపురును మేక తినేసింది. ఇప్పుడు అవ్వ ఇల్లెలా ఊడుస్తుంది?"

సక్రి చెల్లెలి చెవిలో చెప్పింది. చిన్నది కిసుక్కున నవ్వి ఏదో అంది.

"మేకను వట్టుకొని దాని తోకతోని ఊడుస్తదట," అంది సక్రి.

"మరి నువ్వేమంటావ్?"

"దీనికేం తెల్వది. మేక తోక పొట్టిగుంటది. అవ్వ కొత్త చీపురు కట్టుకోవాలె. మేకను దూరం కట్టెయ్యాలె."

అరుణాదేవిగారి పెదవుల మీద నవ్వు వచ్చి పోయింది. "మూడో తరగతికి సరిపోతుంది. కానీ క్లాసులో ఇలా మాట్లాడుకుంటూ కూర్చుంటే ఎలా, సుమలతగారూ?"

"మాట్లాడుకోకపోతే ఏమవుతుందో ఇందాక చూశారుగా, మేడం."

ఆవిడ రిజిస్టరు ముందుకు లాక్కున్నారు.

"దసరా సెలవుల దాకా వెనక బెంచీలో ఇద్దరూ. చిన్నది అల్లరి చేస్తే మీ వంటింటికే పంపిస్తా."

బయట ధ్వాళి లేచి నిలబడింది. సక్రి తల్లికి మూడు వేళ్లు చూపించింది. అది చూసి మంగ్లి నాలుగు వేళ్లు ఎత్తింది.

"గిది సుత బడికి పోతదా?" ధ్వాళి నన్నడిగింది. "మరి ఆయనకేం చెప్పాలె?"

"చెల్లెను బళ్లెనే సూస్కుంటదని చెప్పు."

ధ్వాళి నవ్వింది. దసరా తర్వాత సంగతి అడగలేదు. నేను మాత్రం అమీర్‌పేట చేరేదాకా అదే ఆలోచిస్తూ, ఫైళ్లు పట్టుకుని ఎదురొస్తున్న కుర్రాళ్లను గుద్దుకుంటూ నడిచాను.