అత్త చేతి ముద్ద

అత్త కొర్రమీనుకి ఉప్పూ బూడిదా పట్టించి, పెరట్లో రాయి మీద జిగురు పోయేదాకా రుద్దుతోంది. అమ్మ వంటగది గుమ్మంలో కూర్చుని, అప్పటికే చెరిగిన బియ్యాన్ని మళ్ళీ చెరుగుతోంది. చేటలో రాళ్ళేమీ లేవు. ఆమె కళ్ళు అత్త చేతుల మీదే ఉన్నాయి.

నాన్న నిత్యానందం కొల్లేటి గట్టు మీద చేపల చెరువులకి కాపలా ఉండేవాడు. ఎండాకాలంలో కడుపులో క్యాన్సర్ అన్నారు. ఏలూరు ఆసుపత్రిలో మొదటి కీమో ఎక్కించి పంపగానే అమ్మ పథ్యం మొదలుపెట్టింది. మా ఊళ్ళో బాలింతకైనా, జ్వరం తగ్గిన మనిషికైనా పథ్యం అదే. చేప, గుడ్డు, పప్పు, పెరుగు ముట్టకూడదు. బీరకాయ, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, అంతే. నీచు తగిలితే గడ్డ పెరుగుతుందని అమ్మ భయం. నాన్నతో పాటు తనూ అదే తింది. యేసమ్మలా మొగుణ్ణి చూసుకునేవాళ్ళు లేరని చర్చిలో ఆడవాళ్ళు చెప్పుకున్నారు.

రెండో కీమోకి వెళ్తే డాక్టరు గారు ఎక్కించనన్నారు. బరువు బాగా పడిపోయింది, రక్తంలో ప్రొటీన్ తగ్గింది. ఏం పెడుతున్నారని అడిగితే అమ్మ గర్వంగానే చెప్పింది. ఆయన పెన్ను పక్కన పెట్టారు.

"మందు తట్టుకుంటాడో లేదో ఒంట్లో బలాన్ని బట్టే తెలుస్తుందమ్మా. ఇంత ఎండిపోయిన మనిషికి మందు ఎక్కించలేను, ఆపరేషనూ చెయ్యలేను. చేప, గుడ్డు, పప్పు అన్నీ పెట్టండి."

సంగతి తెలిసి, వెనక వీధిలో ఉండే నాన్న అక్క సూరమ్మత్త మర్నాడే బతికున్న కొర్రమీను పట్టుకొచ్చింది. పల్చగా పులుసు కాచి, మంచం పక్కన కూర్చుని ముద్దలు పెట్టింది. చిన్నప్పుడు నాన్న బాతుగుడ్లు దొంగిలించి లాగు జేబులోనే పగలగొట్టుకున్న సంగతి చెప్పింది. నాన్న నవ్వుతూ గిన్నె ఖాళీ చేశాడు. అప్పటినుంచి రోజూ అంతే.

అమ్మా వండింది. అత్త ఎన్ని మిరియాలు వేస్తుందో తలుపు పక్కనుంచి చూసి మరీ వండింది. నాన్న రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేశాడు. నేను పెట్టినా అంతే. మిగిలింది కుక్కకి వేసి, అత్త తోమి బోర్లించిన గిన్నెల్ని అమ్మ మళ్ళీ తోమేది.

నాన్న బరువు కాస్త పెరిగింది. సోమవారానికి ఇంకొంచెం పెరిగితే కీమో ఎక్కిస్తామన్నారు. నిన్న సాయంత్రం పాస్టరమ్మగారు చూడ్డానికి వచ్చి, అక్క చెయ్యి మంచిది, తమ్ముణ్ణి నిలబెట్టింది అనేసి వెళ్ళారు. అమ్మ రాత్రి అన్నం తినలేదు.

ఇప్పుడు చేట పక్కన పెట్టింది.

"వదినగారూ, రేపట్నుంచి మీరు శ్రమపడకండి. ఆయనకి పెళ్ళాం ఉందండి."

"ఉంది కాబట్టే కదమ్మా, వాడి ఎముకలు బయటపడ్డాయి," అంది అత్త, చేప రుద్దుతూనే.

"మీ ఆయనకీ రోజూ మీరే వండిపెట్టారు కదండీ. ఉన్నారా మరి?"

అత్త చెయ్యి ఆగిపోయింది. చేపని నా చేతికిచ్చి, చేతులు కడుక్కుంది.

"వాడు మాత్రం తినాలి యేసమ్మా. ఎవరు పెడితేనేం," అని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాన్న గంజి తాగి పడుకుంటున్నాడు. శనివారం మధ్యాహ్నం అమ్మ పళ్ళెం తెచ్చి మంచం మీద కూర్చుంది.

"మీ అక్క వండినట్టే వండానండీ."

"బాగానే ఉందే. దిగట్లేదు."

"నేను పెడితేనే దిగదా?"

"నువ్వు నా గొంతుకేసి చూస్తావు. ముద్ద ముద్దకీ. లోపలున్నదాన్ని చూస్తున్నట్టు. నాకు భయమేస్తుందే. అక్క అలా చూడదు."

ఆ మాట అంటున్నప్పుడూ అమ్మ చూపు ఆయన గొంతు మీదే ఉంది. తెలిసి చప్పున తల దించుకుంది. పళ్ళెంలో ముద్ద కలిపింది కలిపినట్టే ఉంది. నాన్న మణికట్టుకి వదులైన గాజులాగా వేలాడుతున్న వాచీని చూసింది.

ఎల్లుండే సోమవారం.

అమ్మ పళ్ళెం మీద మూత పెట్టి, చెయ్యి కడుక్కుంది. పైట సర్దుకుని చెప్పులు వేసుకుంది. మెట్లు దిగి, వెనక వీధికేసి నడిచింది.