మూడో బోరు

నేలలోంచి తీసిన మట్టి దిమ్మలను చెక్కపెట్టెలో వరసగా పేర్చి, ఒక్కో దాంట్లోంచి చిటికెడు తీసి, బోర్లు వేసే దానయ్య బొటనవేలితో నలిపాడు. జారితే బంక, గరగరలాడితే ఇసుక, పొడిపొడిగా రాలితే మొరం. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ వేలు తప్పు చెప్పలేదు. గోరు సగానికి అరిగింది, చర్మం బెరడు కట్టింది. అయినా లేబరేటరీ కాగితం వారం తర్వాత వచ్చి ఆ వేలు చెప్పిన మాటే చెప్పేది. దానయ్యకు ఆ సంగతి బాగా తెలుసు, నలుగురికీ తెలియాలని కూడా ఉండేది.

ఎనభై ఏడో సంవత్సరం. హిందీ మాట్లాడే ఊళ్లో, టాటీబంధ్ దాటాక మూతబడ్డ యాసిడ్ ఫ్యాక్టరీ అది. వదిలేసిన గుంటల్లోని విషం నేలలో ఎటు పోతోందో తేల్చమని తొమ్మిది బోర్లు వేయించారు. పైన మొరం, దాని కింద పసుపు బంకమన్ను, ఆ కింద సున్నపురాయి. బంకమన్ను ఎక్కడా తెగకపోతే విషం కిందికి దిగదు, వెనకున్న బస్తీ బావికి భయం లేదు. భీమారావు అనే కుర్ర జియాలజిస్టు గీసిన పటంలో ఆ పసుపు పొర ఈ చివర నుంచి ఆ చివరకు నిక్షేపంగా సాగింది. సాయంత్రం సంతకం పెట్టి పంపేస్తాడు.

ఆ పటం చూసినప్పటి నుంచీ దానయ్యకు అన్నం సయించడం లేదు.

మూడు వారాల కిందట మూడో బోరులో రాడ్డు ఉన్నట్టుండి చేతిలోంచి జారింది. పోసిన నీళ్లు గుటుక్కున మాయమయ్యాయి, అంటే అక్కడ బంక తెగి కింద ఖాళీ ఉందన్నమాట. భీమారావు అప్పుడు భోజనానికి వెళ్లాడు. నీళ్లు పోగొట్టుకున్న బోరు పనివాడికి, పెళ్లిలో పప్పు మాడ్చిన వంటవాడికి దక్కే మర్యాదే దక్కుతుంది. అందుకని ఆ వృత్తిలో అందరూ చేసేదే దానయ్యా చేశాడు. బంకమట్టి ఉండలు కూరి కన్నం మూసేశాడు. పెట్టెలో ఖాళీగా ఉండాల్సిన గడిలోనూ ఓ ఉండ పెట్టాడు. జానెడు ఖాళీకి ఏమవుతుందిలే అనుకున్నాడు. వెధవ పరువు ఎంత పని చేయిస్తుందో చూడండి.

మధ్యాహ్నం బస్తీ నుంచి సూరమ్మ వచ్చింది. రైల్వే గ్యాంగ్‌మన్ భార్య, వాళ్లదీ దానయ్యలాగే శ్రీకాకుళం వైపే. రోజూలాగే చెంబెడు బావినీళ్లు తెచ్చి అందించింది. దానయ్య చెంబు పట్టుకున్నాడు గాని నోటి దాకా ఎత్తలేకపోయాడు.

"ఏటన్నా, ఈయాల మా నీల్లు సేదైనాయా?" అంది సూరమ్మ నవ్వుతూ. ఆమె చంకలో పిల్ల కూడా నవ్వింది.

దానయ్య చెంబు కింద పెట్టి తిన్నగా భీమారావు బల్ల దగ్గరికి నడిచాడు.

"బాబూ, ఆ పటం తప్పు. మూడో బోరులో బంక నేదు. పెట్టెలో ఉండ నానే ఎట్టినాను. గల్తీ నాదే."

భీమారావు పెన్సిల్ కింద పెట్టాడు. "ఇది రిపోర్టులో రాయాలి దానయ్యగారూ. ఇన్నేళ్ల పేరు పోతుంది."

"రాయండి. నా పేరు పూరాగా రాయండి. బోరు కూడా నానే తెరుస్తాను."

తెరిచాడు. తను కూరిన ఉండలను తనే పొడిచి తీశాడు. నీళ్లు మళ్లీ గుటుక్కుమన్నాయి. భీమారావు అందులో ఆకుపచ్చ రంగు కలిపిన నీళ్లు పోయించాడు. దానయ్య వెళ్లి బస్తీ బావి దగ్గర నిలబడి, ఎవరినీ నీళ్లు ముంచుకోనివ్వకుండా, గంటకోసారి తనే చేద వేసి చూశాడు. మూడుసార్లు తెల్లగానే వచ్చాయి. పొద్దు వాలే వేళకు చేదలో వరినారు రంగు తేలింది. సూరమ్మ పిల్లను గట్టిగా పట్టుకుని గట్టు మీద కూలబడింది.

సిగ్గుపడాల్సిన చోట దానయ్యకు గర్వమే వచ్చింది, దాచడమెందుకు. కళ్లు తడిశాయి కూడా. నేల కడుపులో నీళ్లు ఏ దారిన పోతున్నాయో మొదట తెలిసింది తన చేతికే. ఆ చెయ్యే ఇప్పుడు గిలక మీది తాడు విప్పేసింది.

భీమారావు పసుపు పొరను మధ్యలో చెరిపి, ఫ్యాక్టరీ నుంచి బస్తీకి నీలం బాణం గీశాడు. పక్కన, మూడో బోరు వివరం దానయ్య చెప్పినది అని రాసి సంతకం పెట్టాడు. మర్నాటి నుంచి బస్తీకి ట్యాంకర్ నీళ్లు వచ్చాయి.

దానయ్య వేసిన బోర్లలో అవే ఆఖరివి. ఆ మాఘంలో ఓ మధ్యాహ్నం అన్నం తిని, భార్య పైడమ్మను చాప వెయ్యమని, పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

ఫ్యాక్టరీ స్థలంలో ముళ్లకంప మధ్య మూడో బోరు గొట్టం నడుమెత్తున నిలబడే ఉంది. అక్కడ తిరిగేవాళ్లెవరికీ చదవడం రాని తెలుగులో, మేకుతో లోతుగా గీసిన అక్షరాలు దాని మీద తుప్పు పడుతున్నాయి: ఇక్కడ బంక లేదు. దానయ్య.