కాట్టుపల్లి ఇసుకలో బంగారం

మా ఆయన వేల్‌మురుగన్‌కు నోరే పెట్టుబడి. కాట్టుపల్లి హార్బరులో కాంట్రాక్టు పని పోయి తిరుత్తణికి తిరిగొచ్చిన రోజున చేతిలో గోనెసంచి నిండా ఇసుక, నోటి నిండా బంగారం. ఆ ఒడ్డున నల్లగా ఉండేది ఇల్మెనైటట, ఎర్రగా మెరిసేది గార్నెట్టట. బరువైనవన్నీ అలలు ఒకచోట చేరుస్తాయట, వాటితోపాటే బంగారమూ. సముద్రం ఊరికే బంగారం ఇస్తుంటే అక్కడివాళ్లు ఇంకా చేపలెందుకు పడుతున్నారని నవ్వాను.

తర్వాత నాకు తిరువళ్లూరులో గర్భసంచి ఆపరేషనయింది. మెడలోవన్నీ తీసెయ్యమంది నర్సు. తాళి ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాక ఆయన చేతిలోనే పెట్టాను. తెలివొచ్చాక తనే మళ్లీ కట్టాడు. పెళ్లిలో కూడా అంత జాగ్రత్తగా ముడి వెయ్యలేదు. ఆ పూట ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

నేను కోలుకున్నాక మా ఆయన నా తమ్ముడు వరదన్‌ను పిలిపించాడు. వాడు పొదటూరుపేటలో రెండు మగ్గాలు పెట్టుకుని బతికేవాడు. అమ్మ పోయాక నా చంకలో పెరిగినవాడు.

"నువ్వే కడుగు సుగంధీ, నీ చెయ్యి మంచిది," అని పళ్లెంలో ఇసుక పోశాడు మా ఆయన.

నీళ్లు పోసి ఊపాను. తేలిక ఇసుక కొట్టుకుపోయింది. నల్లదాన్ని అయస్కాంతంతో లాగాను. అడుగున పచ్చటి రజను మిలమిలలాడింది.

"వరదా, నిజమేరా," అన్నాను. నా సంతోషం నేనే పట్టలేకపోయాను. ఇసుక కడిగే మిషన్‌కు బావతో కలిసి డబ్బు పెట్టమని నేనే చెప్పాను.

ఆడి నెల పద్దెనిమిదో నాటి పండక్కి మా ఆడవాళ్లం తాళికి కొత్త పసుపుతాడు మారుస్తాం. ఈసారి తాళిబొట్లకు పట్టిన పసుపు పోవాలని చింతపండుతో తోమాను. రెండింటి వెనకా ఆకురాయితో రాసిన గీతలు. అంచులు కాగితంలా అయ్యాయి. నిరుటి ఆడి తర్వాత అవి నా మెడ విడిచింది ఆ ఆసుపత్రిలో మాత్రమే.

మా ఆయన ఇడ్లీ తింటున్నాడు. బొట్లు ముందు పెట్టాను.

"రవ్వంత గీకినాను. చూపిస్తేనే కదా ఎవుడైనా నమ్మేది. మిషనొస్తే నిజంగానే వస్తాది, నీకు పెద్దవి చేయిస్తా లే," అన్నాడు.

లోపల నన్ను కోస్తుంటే బయట నా తాళిని అరగదీస్తూ కూర్చున్నాడు. దాన్నే ఇసుకలో కలిపి, నా చేతనే కడిగించి, నా తమ్ముడికి చూపించాడు. తిట్టడానికి కూడా ఆ మనిషి తగడనిపించింది.

బొట్లు గుప్పిట్లో పట్టుకుని, బోసిమెడతోనే బస్సెక్కాను. పాపమని ఒకామె సీటిచ్చింది. కూర్చున్నాను.

వరదన్ ఇంట్లో మగ్గాలున్న చోట నూనె మరకలు మిగిలాయి. వాడు అక్కడ ఊడుస్తున్నాడు. నా మెడ చూసి చీపురు వదిలేశాడు.

"ఏందక్కా ఇట్లొచ్చినావు? బావకేమైనా అయిందా?"

"బావకేమీ కాలేదు. ఇడ్లీ తింటా ఉండాడు. మగ్గాలు యాడరా?"

"నిన్ననే కొన్నోళ్లు ఎత్తుకుపోయినారు. దుడ్డు బావకిచ్చేసినాను."

బొట్లు వాడి చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. వాటిని తిప్పి తిప్పి చూశాడు. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు.

"బావను నేనెప్పుడు నమ్మినానక్కా," అన్నాడు మెల్లగా. "నువ్వు చెప్పినావనే కదా అమ్మినాను."