కిటికీ చుట్టూ వెండి గీత

జిగురు వాసన.

మూత తిప్పగానే సర్రున ముక్కుకెక్కింది — ఘాటుగా, చల్లగా, కొంచెం తియ్యగా. కళ్లు చెమర్చాయి. జిగురు చేసిన పనే అనుకుందాం.

బల్ల మీద బొమ్మ కారు ముక్కలు. ప్లాస్టిక్ చట్రాన్ని ఇంకా వదలని తలుపులు, చక్రాలు, సీట్లు, చిటికెనవేలి గోరంత స్టీరింగు. పెట్టె మీద బొమ్మ — పాతకాలపు గుండ్రటి ఎర్ర కారు. కిటికీల చుట్టూ సన్నటి వెండి గీత.

ఆ గీత కోసమే ఇంత తతంగం.

ఆమె పళ్ల డాక్టరు. బొమ్మ కార్ల జోలికి పోయి ఏళ్లూ పూళ్లూ గడిచాయి. ఉన్నట్టుండి అటక మీది పెట్టె దింపమనేసరికి మొగుడు నిచ్చెన మీంచే నవ్వాడు.

"ఏంటి డాక్టరమ్మా, పళ్లు విసుగొచ్చి చక్రాల మీద పడ్డావా?"

"ఊరికే. కాలక్షేపం."

ఊరికే కాదు.

భయం.

మొన్న క్లినిక్కులో ఒక పెద్దాయన నోట్లో చిన్న అద్దం పెట్టి చూస్తోంది. అద్దం పంటికి తగిలింది. టిక్. మళ్లీ టిక్. టిక్... టిక్... టిక్. పెద్దాయన కళ్లు మూసుకుని హాయిగా పడుకున్నాడు. నర్సు అటు తిరిగి దూది తీస్తోంది. విన్నది ఆమె ఒక్కతే. తేలు కుట్టిన దొంగలా అద్దం ట్రేలో పెట్టేసి, "ఎక్స్‌రే తీయించుకుని రండి, అప్పుడు చూద్దాం" అని పంపేసింది.

నాన్నకి కూడా అలాగే మొదలైంది.

ఆదివారం మధ్యాహ్నాలు నాన్నా తనూ కార్లు కట్టేవాళ్లు. ఒకసారి నాన్న పట్టకారుతో హెడ్‌లైటు ఎత్తాడు. బియ్యపు గింజంత లైటు. జారిపోయింది. ఇద్దరూ బల్ల కింద దూరి, నేలంతా తడుముతూ, ఒకటే నవ్వు. దొరికింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ జారింది. మళ్లీ నవ్వు.

నవ్వారు... నవ్వారు గదా!

తర్వాత చెంచా వణికింది. సంతకం వణికింది. చొక్కా గుండీలు మాట వినడం మానేశాయి. ఆఖరికి మనిషి మొత్తం వణికి వణికి ఒకరోజు ఆగిపోయాడు. అప్పుడు కొని విప్పకుండా ఉన్న ఈ కారు అటకెక్కింది.

ఆ జబ్బు తండ్రికొస్తే కూతురికి రావాలని రూలేం లేదు. ఆ సంగతి ఆమె చదువుకుంది. కానీ భయం చదువుకోలేదే! అన్నం కలుపుతుంటే వస్తుంది. జడ వేసుకుంటుంటే వస్తుంది. వచ్చి చేతి వంకే చూస్తూ కూచుంటుంది.

పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు. వెళితే చెప్పేస్తాడు. అదే కదా అసలు భయం.

అందుకని కారుని అడుగుదామనుకుంది.

వెంట్రుకంత కుంచెతో కిటికీ చుట్టూ వెండి గీత గియ్యాలి. ఆగకుండా, అదరకుండా. చిన్నప్పుడు ఎన్ని గీసిందో! గీత నిలిస్తే చెయ్యి బాగున్నట్టే. ఆ చేతుల మీదే కదా క్లినిక్కు నడిచేది, ఇల్లు నడిచేది. ఆ చేతుల వల్లే కదా ఆమె ఆమె అయింది. నిలవకపోతే... నిలవకపోతే ఏంటన్నది ఆలోచించదలుచుకోలేదు.

పాత రంగులన్నీ సీసాల్లోనే రాళ్లయ్యాయి. దుకాణానికి వెళ్లింది.

"పిల్లలకా అమ్మా?"

"కాదు, నాకే."

దుకాణదారు ఎగాదిగా చూసి వెండి రంగు సీసా అందించబోయాడు. చాపిన చెయ్యి సగంలో వెనక్కి తీసుకుంది.

"అక్కడ పెట్టండి. తీసుకుంటాను."

అయినా చెప్పొద్దూ — ముక్కలు కత్తిరించి, అంచులు గీకి, ఒకదానికొకటి అమర్చుతుంటే ప్రాణం లేచొచ్చింది. వేళ్లు ఏదీ మరచిపోలేదు. ఇరుసు. చక్రం. సీటు. స్టీరింగు. ఎలా కట్టాలో చెప్పే పెట్టెలోని కాగితం వంక చూడనైనా లేదు. కాసేపు భయం మాటే మరచిపోయింది. ఎంత బాగుంది ఆ కాసేపు!

ముందద్దం దగ్గర కొంప మునిగింది.

అద్దానికి ఘాటు జిగురు వాడకూడదు. దాని ఆవిరికే అద్దం మసకేసిపోతుంది. తెల్ల జిగురు పూయాలి. కార్లు కట్టేవాళ్లు మొట్టమొదట నేర్చుకునే ముక్క అది. ఆమె ఘాటు జిగురే పూసింది. కళ్లు సీసా మీద లేవు — చేతి మీద ఉన్నాయి. చూస్తుండగానే అద్దం మీద తెల్లటి పొర. పొర మధ్య, కరిగిన ప్లాస్టిక్కులో, ఆమె బొటనవేలి ముద్ర.

ఇది చేతి తప్పా, బుర్ర తప్పా? నాన్నకి చివర్లో రెండూ...

ఛ ఛ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మనసుకి కూడా కాస్త చెప్పుకోవాలి. బిస్కెట్ల డబ్బాకున్న అద్దంలాంటి ప్లాస్టిక్ మూత కత్తిరించి కొత్త అద్దం చేసుకుంది.

సెలవు రోజు. పొద్దుటి వెలుతురు. కిటికీ పక్కన బల్ల.

రెండు మణికట్లూ బల్ల అంచుకి ఆనించింది. చిటికెనవేలికి చిటికెనవేలు తాకించింది. ఊపిరి సగం వదిలి, మిగతా సగం బిగబట్టింది. కుంచె కదిలింది. మూల తిరిగింది. ఇంకో మూల. ఇంకో మూల...

గీత కలిసింది.

వణకలేదు. ఎక్కడా వణకలేదు!

ఏనుగెక్కినంత సంబరం. కారుని అరచేతిలో పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. కూరలు తరుగుతున్న మొగుడు కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.

"అబ్బో! మిషను గీసినట్టుంది. చెయ్యి కదలకుండా ఎలా గీశావే?"

"ఆనించి గీస్తాంగా. మణికట్టు బల్లకి, వేలు వేలికి. అలా పట్టుకుంటే ఎలాంటి చెయ్యైనా..."

నోటి మాట నోట్లోనే ఆగిపోయింది.

ఎలాంటి చెయ్యైనా.

అవును. ఈ విద్యంతా అదే. ప్రతి చేతిలోనూ కాస్తో కూస్తో వణుకుంటుంది. అది గీతలో కనబడకుండా దాచడమే పనితనం. నేర్పింది నాన్నే. నాన్న గీతలు చాలాకాలం చక్కగానే వచ్చాయి. క్లినిక్కులో అయినా అంతే — ఉంగరపు వేలు పక్క పంటికి ఆనించి గాని పరికరం కదపదు. ఆ పెద్దాయన దగ్గర ఆనించడం మరిచిపోయింది, అంతే. మరి అన్నాళ్లూ ఆనించిన చెయ్యి ఏం దాచిందో ఎవరికి తెలుసు?

దొంగ చేతికి తాళాలిచ్చి, ఇల్లు భద్రమే కదా అని దొంగనే అడిగింది.

"ఏమైందే?" అన్నాడు మొగుడు.

"ఏం లేదు."

మళ్లీ బల్ల దగ్గర కూచుంది. కుంచె వెండి రంగులో ముంచి పైకెత్తింది — ఈసారి గాలిలో. కింద బల్ల లేదు. పక్కన వేలు లేదు. ఒట్టి చెయ్యి.

చూడాలి. చూసెయ్యాలి.

చూడలేక కళ్లు పక్కకి తిప్పుకుంది.

అప్పుడొచ్చింది అమ్మ. నాన్న పోయిన దగ్గర్నించి అమ్మ వీళ్ల దగ్గరే ఉంటోంది. మాట తక్కువ మనిషి. కారు పక్కన టీ గ్లాసు పెట్టి వెనక్కి తిరిగింది.

గ్లాసులో సగమే ఉంది.

అమ్మ ఎవరికీ తక్కువ పోసే మనిషి కాదు. అల్లుడైతే, "అత్తయ్యా, గ్లాసుకి గట్టు కట్టించుకోమంటారా?" అని ఏడిపిస్తుంటాడు. అమ్మ చేత్తో సగం గ్లాసు అందుకున్నవాడు ఒకే ఒక్కడు. చొక్కా మీద ఒలికితే చిన్నబుచ్చుకుంటాడని, ఎందుకని ఒక్కనాడూ చెప్పకుండా, ఏళ్ల తరబడి నాన్నకి సగమే పోసింది.

కుంచె చేతిలోంచి జారి బల్ల మీద పడింది.

"అమ్మా."

అమ్మ గుమ్మంలో ఆగింది. ఇటు తిరగలేదు.

"ఎప్పట్నించి చూస్తున్నావు?"

"తాగు తల్లీ. చల్లారిపోతుంది."

"ఎప్పట్నించమ్మా?"

అమ్మ తలుపు చెక్క పట్టుకుని అలాగే నిలబడింది. వీపు కదులుతోంది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. తనకీ ఏడుపొచ్చింది, చిన్నపిల్లలా అమ్మ ఒళ్లో దూరాలనిపించింది. దూరలేదు.

"నిండా పొయ్యి."

"వద్దులేవే..."

"పొయ్యమ్మా. నిండా."

అమ్మ టీ గిన్నె తెచ్చింది. పోసింది. అంచు దాకా పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు — ముసలి చెయ్యే, అయినా రాయిలా ఉంది. గిన్నె పక్కన పెట్టి ఎదురుగా కుర్చీలో కూచుంది.

ఆమె మోచెయ్యి బల్ల మీంచి ఎత్తింది. మణికట్టు ఎత్తింది. ఈసారి కళ్లు తిప్పుకోకుండా గ్లాసు వైపు చెయ్యి చాపింది.

అమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.