నా పొట్టలో పదకొండు పేర్లు

ఏంటండీ బావగారూ, స్వెట్టరు కొనడానికొచ్చి గిలక్కాయ పట్టుకున్నారు? ఇంట్లో చంటిపిల్లలున్నారా, మీకేనా? ఆడుకోండి, సిగ్గెందుకు. కాకపోతే అటు కాదు, ఇటు తిప్పాలి. గుడి చుట్టూ ప్రదక్షిణం ఎటు చేస్తారో అటు. ఎదురు తిప్పితే మావాళ్ళు గుండెలు బాదుకుంటారు.

నేను ఒక మణిచక్రాన్ని. టిబెట్టోళ్ళ జపం డబ్బా అనుకోండి. పైన రాగి డబ్బా, కింద కొయ్య పిడి, పక్కన గొలుసుకి సీసం గుండు. పొట్టలో మంత్రాలు రాసిన కాగితం చుట్ట. నన్ను ఒక్కసారి తిప్పితే అవన్నీ చదివినట్టే. నోరు నొప్పెట్టకుండా పుణ్యం. దేవుడి దగ్గరక్కూడా అడ్డదారి కనిపెట్టారంటే మనుషులు మామూలోళ్ళు కాదండోయ్.

నన్ను చేసిన కంచరి గిన్నె చేద్దామని మొదలెట్టాడు. రాగి చాల్లేదు. అలా పుట్టాను. బూటీ మోలా మొగుడు నన్ను కొని ఆవిడ చేతిలో పెట్టాడు. మోలా అంటే అక్కడ అమ్మమ్మగారని. చైనా సైన్యం వచ్చిన ఏడాది ఆయన తుపాకీ పట్టుకుని కొండల్లోకి పోయాడు, మళ్ళీ రాలేదు. ముప్పయ్యేళ్ళు ఆవిడ నన్ను తిప్పుతూనే ఉంది. కూర కలుపుతూ తిప్పేది, తిడుతూ కూడా తిప్పేది.

ఓ రోజు పొద్దున్నే బజార్లో నలుగురు సన్యాసినులు చెయ్యెత్తి "టిబెట్టు మాది" అన్నారు. అంతే, ఆ రెండు మాటలకి బజారంతా వెనకాల నడిచింది. పోలీసు ఠాణా డాబా మీంచి తుపాకులు పేలాయి. పదకొండు మంది పడిపోయారు. లారీలొచ్చి శవాల్ని పట్టుకుపోయాయి, ఇంకో బండొచ్చి రోడ్డు కడిగింది. మధ్యాన్నం రేడియోలో ఎవరూ చావలేదని చెప్పారు.

చావలేదంటే కాగితం కావాలి కదా. ఠాణా పెద్ద గెంగ్ సారు చచ్చినోళ్ళ ఇళ్ళవాళ్ళని పిలిపించి, మావాడు దూరం ఊరికి పనికెళ్ళాడు అని రాసి వేలిముద్రలేయించాడు. ఒకావిడ, "వాడి జోళ్ళు గుమ్మంలోనే ఉన్నాయండీ" అంది.

"ఐతే ఉత్త కాళ్ళతో వెళ్ళుంటాడు" అన్నాడు గెంగ్ సారు. ఠాణాలో అందరూ నవ్వారు. ఆవిడ వేలిని రెండోసారి సిరాలో ముంచారు, మొదటిది అలుక్కుపోయిందని.

ఆ నలుగురు సన్యాసినుల్లో తప్పించుకున్నది ఒక్కతే, మన మోలా మనవరాలు యాంగ్‌జోమ్. ఇరవై రెండేళ్ళు. ఇంటింటికీ తిరిగి పదకొండు పేర్లూ పోగుచేసింది. ఆ పేర్లు కొండ దాటి నేపాల్లో మనవాళ్ళకి చేరాలి. చేరకపోతే ఆ పదకొండు మందీ నిజంగానే పనికెళ్ళినట్టు, అసలు చావనట్టు.

యాంగ్‌జోమ్ మోలా కళ్ళ ముందే నా మూత తీసి, మంత్రాల చుట్ట మీద ఓ చీటీ చుట్టి, "పదకొండు మందీ ఇందులో ఉన్నారు మోలా, చక్రం నేను పట్టుకెళ్తా" అంది.

"నా చక్రం లేకపోతే నా చెయ్యి ఊరుకోదే."

"జపమాల ఉందిగా. ఆ పేర్లే మాల మీద చెప్పుకో, పోయినోళ్ళకి దారి దొరుకుతుంది." అని పేర్లన్నీ నేర్పింది. "నా వెనకాలే దూరంగా నడువు. నన్ను పట్టుకున్నా తిరిగి చూడకు. నీకేం సంబంధం లేదు."

ఐదు రోజులు నడిచారు. నాకు పొగరెక్కింది బావగారూ, దాచడం ఎందుకు. అంతకుముందు వట్టి మంత్రాలు మోశాను, ఇప్పుడు మనుషుల్ని మోస్తున్నాను కదా. దారంతా యాంగ్‌జోమ్ నన్ను నిమురుతూ "జాగ్రత్త, నీ మీదే భారం" అనేది. గిన్నె కాలేకపోయానన్న దిగులు ఆ రోజుతో పోయింది.

కొండ కింద చెక్‌పోస్టు. అక్కడ తనిఖీకొచ్చిన గెంగ్ సారే ఉన్నాడు. అప్పుడు చేసింది చూడండి యాంగ్‌జోమ్, నన్ను ఎదురు తిప్పింది. అందరి ముందూ గరగరా ఎదురు తిప్పింది. భయంతో మతి పోయిందనుకున్నాను. అక్కడ మన టిబెట్టు కానిస్టేబులొకడున్నాడు, వాడు చూసి, "సార్, ఇది సన్యాసిని కాదు, వేషం" అని అరిచాడు. అందరూ వచ్చి మీద పడ్డారు. వెనకాల గొణుక్కుంటూ వస్తున్న మోలాని ఒకడు తోసి, "పోవే ముసలిదానా, దారికి అడ్డం" అన్నాడు. ఆవిడ గేటు దాటి వెళ్ళిపోయింది.

నా మూత ఊడదీశారు. గెంగ్ సారు ఆ ఊరిని ఇరవయ్యేళ్ళు ఏలాడుగానీ ఆ ఊరి అక్షరం ఒక్కటి నేర్చుకోలేదు. గుమాస్తా నోర్‌గ్యేని పిలిచాడు. నోర్‌గ్యే చీటీ చూశాడు. చూసి, చాలాసేపు చూశాడు.

"ఏముంది?"

"పేర్లు సార్. పదకొండు."

"ఎవరివి?"

యాంగ్‌జోమే చెప్పింది. "ఆ రోజు బజార్లో రక్తం కారడానికి కారణం వీళ్ళే."

గెంగ్ సారుకి పండగే, ఆ పేర్లేంటో చదివించుకోవాలని కూడా తోచలేదు. కుట్రదార్ల జాబితా దొరికింది, నేనే స్వయంగా విచారించాను, వీళ్ళకి కఠినశిక్ష వెయ్యాలి అని ఉత్తరం రాసి, సంతకం పెట్టి, చీటీ జతచేసి పై ఆఫీసుకి పంపాడు. ఈలోపు ఆ పదకొండు మందీ ఎక్కడ దాక్కున్నారో చెప్పమని ఆ పిల్లని తొమ్మిది రోజులు కొట్టారు. నేను బల్ల మీదే ఉన్నాను. నా గొలుసుతో కూడా కొట్టారు. "ఎక్కడున్నారే?" అంటే, "దగ్గర్లోనే" అనేది. పదో రోజు అనలేదు.

పదకొండో రోజు జీపులొచ్చాయి. పై ఆఫీసులో ఆ ఊరి అక్షరాలొచ్చినోళ్ళున్నారు. చీటీలో మొదటి పేరు గెంగ్. మిగతా పదీ ఆ రోజు డాబా మీద తుపాకులు పట్టుకున్నోళ్ళవి.

"అయ్యో, అది నా పేరండీ" అన్నాడు గెంగ్ సారు.

"సంతకం ఎవరిది?"

"నాదే."

"మరింకేంటి?"

వాణ్ణి అదే గదిలో, ఆ పిల్లని కట్టిన కుర్చీకే కట్టారు. మొదట నవ్వొచ్చింది నాకు. మూడో రోజుకి రాలేదు. వాడూ అవే అరుపులు అరిచాడు. పై ఆఫీసోళ్ళకి నిజం అక్కర్లేదు, సంతకం ఉంటే చాలు. పద్ధతి వాడు నేర్పిందే.

నాకైతే సిగ్గుతో రాగి పచ్చబడింది. ఐదు రోజులు ఊరేగుతూ తిప్పింది చంపినోళ్ళ పేర్లా? మరి చచ్చినోళ్ళు?

ఎనిమిది నెలలకి నోర్‌గ్యే నన్ను చొక్కాలో పెట్టుకుని కొండ దాటి పారిపోయాడు. నేపాల్ శరణార్థుల శిబిరంలో మోలా నన్ను చూడగానే లాక్కుని మూత తీసింది. ఖాళీ. నేల మీద కూలబడి ఏడ్చింది. అంతా ఐపోయింది, పేర్లు పోలీసులకి దొరికిపోయాయి, పిల్ల చచ్చీ లాభం లేకపోయింది అని ఎనిమిది నెలలుగా శిబిరంలో కనపడినోళ్ళందరికీ చెప్పి ఏడుస్తోందట. నోర్‌గ్యే చీటీ సంగతి చెప్పాడు. ఆవిడ ఇంకా ఏడ్చింది.

"ఐతే అసలు పేర్లు ఆ పిల్ల ఎవరికీ ఇవ్వలేదా?" అని మళ్ళీ మాల తిప్పుతూ గొణగడం మొదలెట్టింది.

నోర్‌గ్యే దగ్గరికి జరిగి చెవి పెట్టాడు. "మోలా, ఏం చదువుతున్నారు?"

"ఏముంది నాయనా, పోయినోళ్ళ పేర్లు. పదకొండు మంది. రోజూ చెప్పుకుంటాను."

"ఎవరూ అడగలేదా?"

"ముసల్ది గొణుగుతుంటే ఎవరడుగుతారు?"

నోర్‌గ్యే కాగితం తీశాడు. పెన్ను తీశాడు. ఆవిడ కాగితం కేసి చూసింది, వాడి కేసి చూసింది. మాల ఆగిపోయింది.

"దొంగముండ" అంది మోలా, కళ్ళు తుడుచుకుంటూ. "చీటీ చక్రంలో ఉందని చెప్పి, నన్నే చీటీని చేసి పంపించిందిరా."