గీత కింద నీళ్ళు

మంజీర ఒడ్డున మా పొలం గట్టు మీద ఒక బండ ఉంది. దాని మీద మా బాపు ఉలితో కొట్టిన గీత ఉంది. ఏరు ఆ గీత దాకా వస్తేనే ఊళ్ళోకి నీళ్ళు వచ్చేవి. నాకు తెలివి వచ్చినప్పటి నుంచి అది తప్పలేదు. అందుకే వానలు పట్టుకుంటే ఊరివాళ్ళు నన్ను అడిగేవారు.

ఏటికీ ఊరికీ మధ్య ఎల్లారెడ్డికి పోయే రోడ్డు ఉంది. ఏటా మునిగేది. ఎత్తు చేయాలని అందరం అర్జీ పెట్టుకున్నాం. నేనూ సంతకం చేశాను. పోయిన ఎండాకాలం నడుమెత్తు లేపి, అడుగున రెండు తూములు పెట్టారు.

వినాయక చవితి ముందు రెండు రోజులు వాన ఆగలేదు. మూడో రోజు పొద్దున పక్కింటి దేవేందర్ గొంగడి కప్పుకొని వచ్చాడు.

“పెద్దబాపు, ఎడ్లను మిట్టమీది బడికాడికి తోలాల్నా?”

బండ దాకా పోయి చూసి వచ్చాను. నీళ్ళు గీతకు రెండు మూరల కింద ఉన్నాయి.

“ఎందుకురా? ఇంక రెండు మూరలున్నది. ఒడ్డుకున్న నీ మోటరు పోతది. ముందుగాల దాన్ని గుంజుదాం పా.”

లోపలి నుంచి మా సత్యమ్మ అంది: “బండ చెప్పకుంటే ఈయన బువ్వ గూడ తినడు.”

దేవేందర్ నవ్వాడు. ఎడ్లు కొట్టంలోనే ఉన్నాయి. మా ఊళ్ళో మిగిలిన జత అదొక్కటే.

మోటరు బురదలో ఇరుక్కుంది. తాడు కట్టి గుంజేసరికి మధ్యాహ్నం దాటింది. రోడ్డెక్కి ఇద్దరం ఆగిపోయాం. ఏటి దిక్కు నీళ్ళు గీత కిందనే ఉన్నాయి. ఊరి దిక్కు చెరువైంది. పై పొలాల నుంచి ఏట్లోకి దిగే వాన నీళ్ళకు రోడ్డు అడ్డం. ఏరు తూముల కంటే ఎత్తుకు ఎక్కి, ఆ నీళ్ళు బయటికి పోక ఊరి వైపే తన్నుతున్నాయి.

జనం బడి మెట్ల మీద ఉన్నారు. మా బర్రె తలుగుతాడు పట్టుకొని సత్యమ్మ కనిపించింది. దేవేందర్ కొట్టం మాత్రం కప్పు ఒక్కటే కనిపించింది.

అతను మోటరు తాడు నడుముకు కట్టుకొని దిగాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. మూడుసార్లు మునిగాడు. నాలుగోసారి నేనే గుంజాను.

“తలుగు ముడి చేతికి దొరకలె, పెద్దబాపు,” అన్నాడు.

 నడుముకున్న తాడు విప్పి నా చేతికిచ్చాడు.

రెండు రోజులకు నీళ్ళు తీశాయి. మూడిండ్ల గోడలు కూలాయి. ఈనే వరి మీద మోకాలెత్తు ఇసుక మేట వేసింది. ఎడ్లను జేసీబీతో తీసి పొలంలోనే పూడ్చారు. దేవేందర్ నన్ను తిడితే బాగుండేది. బండను పగలగొడదామని సుత్తె పట్టుకొని పోయాను. గీత పొడిగా ఉంది. దాని వెంబడి చీమలు బారు కట్టి పోతున్నాయి. తిరిగి వచ్చాను.

నెల తిరగకముందే మళ్ళీ ముసురు పట్టింది. దేవేందర్ వచ్చాడు. నేను లేచి, బండ దిక్కు పోదామని చెప్పులు వేసుకున్నాను. అతను నన్ను చూడలేదు. నేరుగా మా కొట్టంలోకి పోయి మా బర్రె తలుగు విప్పాడు.

“పెద్దమ్మా, నువ్వు గూడ నడువు. బడికాడికి.”

నన్నేమీ అడగలేదు. బర్రెను తోలుకొని ముందు పోయాడు.

నేను బర్రెను కట్టేసే కట్టుగుంజ పెరికి, భుజాన వేసుకొని వెనక నడిచాను.